తెల్లవారకముందు పడే చుక్క



సంఘ కాపరి రేడియేటరు గూర్చి వ్రాయడమేమిటని కొందరు అనుకోవచ్చును. మా సంఘమునకు ఒక డీజిలు జీపు ఉన్నది. ట్రాక్టరో, ఆయిలింజనో, ఆటోనో తెలియని పల్లె కుటుంబాలు మన పాఠకులలో తక్కువే. అదీగాక ఈ జీపు మూలముగా మేము ఒక మనిషిని నొప్పించాము. ఆ సంగతి దాచి ఇంజను సంగతి మాత్రమే చెబితే సగమే చెప్పినట్లవుతుంది. వేదాంత డిప్లొమాలో మాకు ఇంజను పాఠము లేదు. ఇక్కడ వ్రాసినదంతా మేస్త్రీల వద్ద, మా డ్రైవరు అబ్బాయి వద్ద, చెడగొట్టుకొని నేర్చుకొన్నదే.

మేముండేది చింతపల్లికి, లంబసింగికి నడుమ ఒక గూడెము. 2022 ఏప్రిల్ నుండి ఇది అల్లూరి సీతారామరాజు జిల్లా. మేము చెప్పబోయే సంగతి జరిగిన 2019లో విశాఖపట్నం జిల్లాయే. లంబసింగి సముద్రమట్టమునకు ఇంచుమించు 1,000 మీటర్ల ఎత్తున ఉన్నది. దానికి కొర్రబయలు అని మరొక పేరు. రాత్రి బయట పడుకొన్నవాడు తెల్లవారేసరికి కొర్రలాగా బిగిసిపోతాడని మా పెద్దలు దానికి అర్థము చెబుతారు. డిసెంబరు, జనవరిలో ఇక్కడ చలి సున్నా దగ్గరకు దిగే రోజులున్నాయి. పది గంటలవరకు మంచు విడవదు. బట్టలు ఆరవు. కాఫీ పండ్లు కోసేవారు చేతులు మంట దగ్గర కాచుకొని మళ్ళీ చెట్టు పట్టుకుంటారు.

జీపు కొత్తది కాదు. 2016లో సంఘస్థులు కాఫీ, మిరియాల డబ్బు కొంత కొంత వేసికొని కొన్న పాత బండి. నడపడానికి మా సంఘపు అబ్బాయినే పెట్టాము. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్ళు. మంచివాడు, మాట తక్కువ. మాట తక్కువైనవారిని అనుమానించడం ఎంత సులువో మాకు అప్పుడు తెలియదు.

2019 నవంబరు రెండవ వారములో మొదలైంది. తెల్లవారి రేడియేటరు మూత తీస్తే నీరు వెలితిగా ఉండేది. ఒకరోజు గ్లాసుడు, మరొకరోజు రెండు గ్లాసులు. కారుతున్నదా అని మేము పగటిపూట క్రింద పడుకొని చూశాము. ఎక్కడా తడి లేదు. నర్సీపట్నం వెళ్ళినప్పుడు మెకానిక్కుకు చూపించాము. ఆయన ఇంజను నడిపి, చేతి దీపముతో పైపులన్నీ చూచి, "ఏమీ లేదండి, పొడిగా ఉంది" అన్నాడు. ఆయన చెప్పినది అబద్ధము కాదు. ఘాటు దిగి నర్సీపట్నం చేరేసరికి ఎండ వచ్చియుండేది. ఇంజను వేడిగా ఉండేది. అక్కడ అది నిజముగా పొడిగానే ఉన్నది.

అప్పుడు ఒక లీటరు కూలెంటు డబ్బా కొని ఇంట్లో పెట్టాము. పది రోజులకు డబ్బా ఖాళీ. మాకు మనసులో ఒక ముల్లు గుచ్చుకొన్నది. మా గూడెములో అప్పటికే ఇద్దరికి ట్రాక్టర్లున్నవి, ఇద్దరూ ఈ అబ్బాయికి బంధువులే. ఆ డబ్బు కూడా సంఘపు డబ్బాయె. డిసెంబరు మొదటివారములో ఒక సాయంత్రము, క్రిస్మసు పాటలు నేర్చుకొనడానికి యౌవనస్థులందరు కూడియుండగా, మేము నవ్వుతున్నట్లుగానే అన్నాము: "ఏమి నాయనా, డబ్బాకు కాళ్ళు వచ్చాయా?"

కొందరు నవ్వారు. అతను నవ్వలేదు. "అయ్యగారూ, నాను రోజూ పోస్తన్నానండి. తెల్లారకముందు మీరొక్కపాలి వచ్చి బండి కింద సూడండి" అన్నాడు. ఆ వేళకు మేము తెల్లవారు ప్రార్థనలో ఉంటాము. సరేలే అన్నాము గాని వెళ్ళలేదు. ఇకమీదట కూలెంటు కొననక్కరలేదు, వాగునీరు పోయమని మాత్రము చెప్పాము. మరి పది రోజులు అట్లాగే గడిచినవి. ఒక ఉదయము అతను తాళముచెవి మా బల్లమీద పెట్టి, కాఫీ కోతకు కూలికి వెళ్ళిపోయాడు. మేము పిలవలేదు.

ఇక్కడ కొంచెము ఆగి, చలిలో నీరు ఎట్లా పోతుందో చెప్పాలి. ఇది మేము తరువాత తెలిసికొన్నది.

రేడియేటరునుండి ఇంజనుకు నీరు రబ్బరు హోసు పైపులగుండా వెళ్తుంది. పైపు చివర లోహపు గొట్టముమీద ఎక్కి ఉంటుంది, దానిని ఒక క్లిప్పు బిగించి పట్టుకుంటుంది. కొత్త రబ్బరు మెత్తగా ఉండి, గొట్టమునకు సందు లేకుండా అతుక్కుంటుంది. కొన్నేళ్ళు వేడికి రబ్బరు గట్టిపడుతుంది. క్లిప్పు నొక్కినచోట నొక్కుడు పడి, తిరిగి ఉబ్బదు. రాత్రి చలికి రబ్బరు కుంచించుకొంటుంది, లోహము కూడా కుంచించుకొంటుంది, కాని రెండూ ఒకే కొలతగా కాదు. నడుమ వెంట్రుకంత సందు ఏర్పడుతుంది. క్రింది పైపు రేడియేటరు అడుగున ఉంటుంది గనుక పైనున్న నీటి బరువంతా దానిమీదనే. ఇంజను ఆపియున్నా సరే, రాత్రంతా ఒక్కొక్క చుక్క పడుతుంది. ఉదయము ఇంజను వేడెక్కగానే రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది, సందు మూసుకుంటుంది. పడిన నాలుగు చుక్కలు ఆ వేడికే ఆవిరైపోతాయి. మేస్త్రీ వద్దకు చేరేసరికి దొంగ పారిపోయియుంటాడు.

డీజిలు ఇంజను విషయములో ఇంకొక చిక్కున్నది. అది ఊరకే నిలబెట్టి నడిపితే త్వరగా వేడెక్కదు. చలిలో అరగంట నడిపినా గోరువెచ్చగానే ఉండవచ్చును. ఘాటు దిగేటప్పుడు యాక్సిలరేటరు వదిలి గేరుమీద దిగుతాము గనుక, అప్పుడు డీజిలు దాదాపు మండదు, ఇంజను చల్లబడుతుంది. ఎక్కేటప్పుడు మాత్రము ఒక్కసారిగా కాగుతుంది. కాబట్టి మా కొండలలో ఆ రబ్బరు రోజుకు పదిసార్లు సాగి, పదిసార్లు కుంచించుకొంటుంది.

ఇక ఆ రాత్రి సంగతి. డిసెంబరు మూడవ వారము. అబ్బాయి వెళ్ళి మూడు రోజులైంది, మూడు రోజులుగా జీపు కదలలేదు. రాత్రి రెండు గంటలకు ఒక సహోదరుడు తలుపు తట్టాడు. కోడలికి నొప్పులు వస్తున్నవి. తొలికాన్పు. కాన్పుకు నర్సీపట్నం తీసికొని వెళ్ళమని ముందే చెప్పియున్నారు. ఆ రాత్రి ఫోనులో సిగ్నలు లేదు. మేమే తాళముచెవి తీసికొని బయలుదేరాము. అమ్మగారు రెండు దుప్పట్లు, ఫ్లాస్కులో వేడినీరు ఇచ్చి ఆ అమ్మాయి ప్రక్కన ఎక్కింది. బోనెట్టు ఎత్తి చూడాలన్న ఆలోచన మాకు రాలేదు. ఎందుకంటే ఆ పని రోజూ అతనే చేసేవాడు.

లంబసింగి ఎక్కుడులో సగము దూరము వెళ్ళామో లేదో ఇంజను లాగడము తగ్గింది. గేజి చూశాము. ముల్లు సగానికి కూడా లేదు. చల్లగానే ఉన్నదని ఇంకా త్రొక్కాము. ఈ మాట దయచేసి జ్ఞాపకముంచుకొనండి: గేజి ముల్లును నడిపే సెన్సారు నీటిలో మునిగియుంటేనే నిజము చెబుతుంది. నీరు దిగిపోయి అది గాలిలో మిగిలిపోతే, ఇంజను కాలిపోతున్నా ముల్లు క్రిందనే ఉండగలదు. మాకు ముందుగా వచ్చినది వాసన, కాలిన రంగు వాసన. తరువాత బోనెట్టు సందులలోనుండి తెల్లని ఆవిరి. ఆ పొగమంచులో అది ఆవిరో మంచో కూడా కాసేపు తెలియలేదు.

ఇంజను ఆపాము. ఆ అమ్మాయి మామగారు కంగారులో బిందెడు నీళ్ళు తెచ్చి పోద్దామన్నారు. అక్కడ మాత్రము మేము గట్టిగా వద్దన్నాము. ఎర్రగా కాగిన ఇంజనులో చల్లని నీరు పోస్తే హెడ్డు పగులుతుందని ఎప్పుడో ఒక లారీ డ్రైవరు చెప్పియున్నాడు. వేడిమీద మూత త్రిప్పితే లోపలి నీరు మొఖమున చిమ్ముతుంది, చర్మము ఊడిపోతుంది. రేడియేటరు మూత సుమారు ఒక కిలో ఒత్తిడిని ఆపిపెడుతుంది. మామూలుగా 1,000 మీటర్ల ఎత్తున నీరు 97 డిగ్రీలకే మరుగుతుంది. మూత బిగించి ఒత్తిడి నిలిచినప్పుడు ఇంకో ఇరవై డిగ్రీలవరకు మరగకుండా ఆగుతుంది. ఆ స్థితిలో మూత తీస్తే ఆ నీరు ఒక్కసారిగా మరిగి బయటికి చిమ్ముతుంది. పై హోసు పైపును చేతితో పట్టుకొని ఉండగలిగినంత చల్లారేవరకు మూత ముట్టుకొనరాదు.

నలభై నిమిషాలు ఆ రోడ్డుమీద నిలబడ్డాము. మా జీవితములో పొడవైన నలభై నిమిషాలలో అవి ఒకటి. అమ్మగారు లోపల ఆ అమ్మాయి చేతులు రాస్తూ కూర్చున్నది. బయట మామగారు మాతో ఒక్క మాట అనలేదు. తరువాత కూరగాయలు వేసికొని వెళ్ళే వ్యాను ఒకటి వచ్చింది. గోనెలు సర్ది వారిని ఎక్కించుకొన్నారు. ఉదయము ఆరు గంటల తరువాత నర్సీపట్నములో ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డ క్షేమము. ఆ పాప ఇప్పుడు బడికి వెళ్తున్నది.

జీపును మరునాడు కట్టి లాగించాము. హెడ్డు వంగింది, ప్యాకింగు కాలింది. హెడ్డు చదును చేయించి, ప్యాకింగు మార్చి, కూలి కలుపుకొని 18,500 రూపాయలైనవి. మందిరపు వంటపాక రేకులకని దాచిన డబ్బు అది.

బాగుచేయించి తెచ్చిన నాలుగవ ఉదయము మేమే మూత తీశాము. నీరు మళ్ళీ వెలితి. అప్పుడు జీపు ప్రక్కనే కాసేపు నిలబడిపోయాము. డబ్బా లేదు, పోసేవాడు లేడు, అనుమానించడానికి మేము తప్ప ఎవరూ లేరు.

ఆ సాయంత్రమే అతని ఇంటికి వెళ్ళాము. తల్లి పీట వేసింది. మేము చెప్పవలసినది చెప్పాము. అతను చాలాసేపు నేలవైపు చూచి, "ఆ మాట మీరు అందరిలోని అన్నారండి" అని మాత్రము అన్నాడు. ఆదివారము ఆరాధన తరువాత, ఆనాడు నవ్విన యౌవనస్థులందరి ఎదుట, తప్పు మాదేనని చెప్పాము. ఆ రాత్రి పదింటికి అతను పాత వార్తాపత్రికలు చంకన పెట్టుకొని వచ్చాడు.

అతను చేసినది చాలా సులువైన పని. జీపును సమమైన చోట నిలిపి, ముందు భాగము క్రింద పత్రిక పరచి, గాలికి ఎగరకుండా నాలుగు రాళ్ళు పెట్టాడు. ఉదయము నాలుగున్నరకు మమ్మును లేపాడు. ఇంజను తిప్పనియ్యలేదు. టార్చి వేసి చూస్తే కాగితముమీద అరచేయంత తడి. పైకి చూస్తే ముందు ఇరుసుమీద తడి, దానిపైన క్రింది హోసు పైపు. పైపు అడుగున ఒక చుక్క వ్రేలాడుతూ, పెరిగి, పడింది. మట్టి నేల పాకలో, పైన మంచు కురిసే ఊరిలో, రంగులేని వాగునీటి చుక్క ఎవరికి కనబడుతుంది? రంగున్న కూలెంటు మాన్పించినది మేమే.

క్లిప్పు స్క్రూ త్రిప్పితే ఒకటిన్నర చుట్టు తిరిగింది. అంత వదులన్నమాట. చాలామంది అక్కడితో ఆపుతారు. అతను ఆపలేదు. చల్లని ఇంజనులో నీరు దించి, పైపు లాగి చూపించాడు. లోహపు గొట్టము చివర తెల్లని పొక్కులు, గుంటలు. నీటి ఉప్పులు, తుప్పు చేరి గొట్టమును తినివేసినవి. ఎంత బిగించినా ఆ గుంటలలోనుండి నీరు దారి చేసుకొంటుంది. గరుకు కాగితముతో గొట్టము నున్నగా రుద్ది, కొత్త హోసు ఎక్కించి, గొట్టము చివరి గట్టు దాటిన తరువాతనే క్లిప్పు వేశాడు. మరీ బిగిస్తే క్లిప్పు రబ్బరును కోస్తుందట. రెండు రోజులు బండి తిరిగాక, మరల తెల్లవారకముందు చల్లని ఇంజనుమీద ఒకసారి బిగించాలట. వేడిమీద బిగిస్తే ఆ బిగువు చలికి నిలవదు. స్ప్రింగు క్లిప్పులైతే రబ్బరు కుంచించుకొన్నప్పుడు తామే బిగుసుకుంటాయి గనుక చలి ప్రాంతమునకు అవి మేలు.

తరువాత కూలెంటు సగము, డిస్టిల్డు నీరు సగము కలిపి పోశాము. ఈ పాళ్ళలో అది సుమారు మైనస్ 37 డిగ్రీలవరకు గడ్డకట్టదు. మా ఊరికి అంత అవసరము లేదు. కాని దానిలో తుప్పు పట్టనియ్యని మందులుంటాయి, అదే మాకు కావలసినది. నీరు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతము ఉబ్బుతుంది గనుక, హిమాలయ ప్రాంతములలో ఉత్త నీరు పోసిన ఇంజను దిమ్మెలే పగులుతాయి. పోసేటప్పుడు జీపు మూతి ఎత్తుకు ఉండునట్లు నిలిపి, మూత తీసియుంచి, చల్లగా ఉన్నప్పటినుండి నడిపాడు. థర్మోస్టాటు తెరుచుకొని లోపలి గాలి బుడగలుగా బయటికి వచ్చేవరకు ఆగి, వెలితి నింపి, మూత వేశాడు. గాలి మిగిలితే హెడ్డు మళ్ళీ కాలుతుంది.

ఒక హెచ్చరిక. కూలెంటు విషము, రుచికి తియ్యగా ఉంటుంది. కుక్కలు నాకుతాయి, పిల్లలు కూడా నోట పెట్టవచ్చు. దించిన నీటిని గిన్నెలో వదలి వెళ్ళవద్దు, కూల్‌డ్రింకు సీసాలలో పోసి దాచవద్దు.

అందరి బండిలోను కారేది హోసు పైపే కానక్కరలేదు. వాటరు పంపు అడుగున చిన్న రంధ్రమొకటి ఉంటుంది. లోపలి సీలు అరిగితే నీరు ఆ రంధ్రమునుండి బయటికి వస్తుంది. అది చెడిపోయిందని చెప్పడానికి పెట్టిన రంధ్రమే గనుక ఎం-సీలు పెట్టి మూయకండి, పంపు బాగుచేయించండి. ఇంజను ప్రక్కలనుండే బిళ్ళల వంటి కోరు ప్లగ్గులు ఉత్త నీటికి లోపలినుండి తుప్పు తింటాయి. ప్లాస్టిక్ తొట్టి ఉన్న రేడియేటరులో తొట్టి, అల్యూమినియము కలిసే అతుకు చలికే కారుతుంది. కారినచోట నీరు ఆరి తెల్లనిదో, పచ్చనిదో పొక్కు మిగులుతుంది, దానిని వెదకండి. కొందరు మేస్త్రీల వద్ద చేతిపంపు, గేజి ఉన్న పరికరముంటుంది. రేడియేటరు మూతచోట దానిని బిగించి, మూతమీద వ్రాసిన ఒత్తిడివరకు కొట్టి వదలితే, కారుడు ఉన్నచోట ముల్లు దిగుతుంది. అది కూడా బండిని రాత్రంతా షెడ్డులో వదలి, తెల్లవారి చల్లని ఇంజనుమీద చేయించండి. మా మెకానిక్కు వేడిమీద చూచినందుననే తప్పిపోయింది.

ట్రాక్టరు ఉన్న సహోదరులకు ఇంకొక మాట. బయట ఎక్కడా తడి లేకుండా నీరు తగ్గుతుంటే లోపల వెదకాలి. అనేక ట్రాక్టరు ఇంజనులలో లైనరు చుట్టూ నీరు నేరుగా తిరుగుతుంది. పిస్టను కొట్టుడుకు లైనరు అదిరి, నీటిలో సన్నని బుడగలు పుట్టి పగులుతూ ఇనుమును గిల్లుతాయి. ఏళ్ళు గడిచేసరికి సూదిమొనంత రంధ్రములు పడతాయి. మంచి కూలెంటు లైనరుమీద పొరగా నిలిచి దానిని కాపాడుతుంది, వాగునీరు కాపాడదు. ఆయిలు కడ్డీ తీసి చూడండి. నూనె పాల టీ రంగులో ఉంటే ఇంజను త్రిప్పకుండా మేస్త్రీని పిలవండి. చలి ఉదయము తెల్లపొగ రెండు నిమిషాలు వచ్చి ఆగితే భయము లేదు; ఇంజను కాగిన తరువాత కూడా తియ్యని వాసనతో వస్తూనే ఉంటే లోపల నీరు మండుతున్నది. కొత్తరకపు డీజిలు బండ్లలో ఈజీఆర్ కూలరు పగిలినా అట్లాగే పొగ గొట్టములోనికి నీరు పోతుంది.

రేడియేటరులో పసుపు పోస్తే కారుడు ఆగుతుందని చెప్పేవారున్నారు. ఆగుతుంది. దారిలో చిక్కుకొంటే గూడు చేరడానికి పనికివస్తుంది. కాని ఆ పసుపు రేడియేటరులోని సన్నని గొట్టములను కూడా మూస్తుంది, వేసవిలో దాని సంగతి తెలుస్తుంది.

అబ్బాయి మా జీపు నడపడానికి మరల రాలేదు. మేము అడిగాము, "ఇంకో కుర్రాడికి నేర్పిస్తానండి" అన్నాడు, నేర్పించాడు. 2021లో సొంతముగా డీజిలు ఆటో కొన్నాడు. డిసెంబరు మొదటివారములో ఒక రాత్రి వచ్చి, మా జీపు క్రింద కాగితము పరచి, మాతో టీ త్రాగి వెళ్తాడు. కూలి ఇవ్వబోతే తీసికొనడు, టీలో మాత్రము చక్కెర ఎక్కువ అడుగుతాడు.

ఈ ఏడు కూడా పరచి వెళ్ళాడు. తెల్లవారు ప్రార్థనకు పోవడానికి ముందే టార్చి తీసికొని వెళ్ళి చూశాము. కాగితముమీద ఒక చుక్క ఉన్నది. వేలితో అద్ది వాసన చూశాము. డీజిలు. దాని సంగతి అతనికి ఫోను చేసి అడగాలి.